పాత బావిలో దొరికిన ఎముకలు ఎవరివో డీఎన్ఏతో తెలుస్తుందా?

వరంగల్ పరిసరాల్లో పాడుబడ్డ వ్యవసాయ బావిలో ఏళ్లనాటి ఎముకలు దొరికితే గుర్తించగలరా అని అడిగారు. చాలాసార్లు గుర్తించగలరు, అయితే మన వేడికి, బావిలోని తేమకు డీఎన్ఏ త్వరగా ముక్కలైపోతుంది. డీఎన్ఏలో ఒకే వరుస పదేపదే వచ్చే చోట్లను, సుమారు 100 నుంచి 450 అక్షరాల (డీఎన్ఏలోని రసాయన యూనిట్ల) పొడవున్న భాగాలుగా, కొలిచే ఎస్టీఆర్ పరీక్ష తరచూ ఇక్కడే ఆగిపోయేది. ఇప్పుడు కొత్త తరం సీక్వెన్సింగ్ యంత్రాలు అంతకంటే చిన్న తునకల్లోని ఒక్క అక్షరపు తేడాలను, అంటే ఎస్ఎన్‌పీలను, చదువుతున్నాయి. లోపలి చెవిని కప్పి ఉంచే గట్టి పెట్రస్ ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుందని తేలడం, నా దృష్టిలో, యంత్రాలకు తీసిపోని ముందడుగు. అమెరికాలో 2018లో డీఎన్ఏ కలిసిన దూరపు బంధువుల వంశవృక్షాల ద్వారా వరుస హంతకుడు గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ను పట్టుకున్నారు. మన దగ్గర మాత్రం తప్పిపోయినవారి తల్లిదండ్రులో పిల్లలో పోలీసుల ద్వారా రక్త నమూనా ఇవ్వడమే ముఖ్యం, ఎందుకంటే పోల్చడానికి ఏదీ లేకపోతే ఎంత స్పష్టమైన ఫలితమైనా పేరు చెప్పలేదు.