లెంట్ మొదలయ్యే ముందు రోజులకు ఇంగ్లండ్‌లో పాత పేర్లు ఏమిటి?

పాన్‌కేక్ డే అందరికీ తెలుసు, దాని ముందు రోజులకూ పేర్లున్నాయా అని అడిగారు. ఉన్నాయి, శనివారం నుంచే. ఎగ్ సాటర్డే, ష్రోవ్ సండే, కాలప్ మండే, ష్రోవ్ ట్యూస్డే (అదే పాన్‌కేక్ డే). ఆ మర్నాడు విభూది బుధవారంతో లెంట్, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే మన తపస్సుకాలం, మొదలవుతుంది.

వీటిలో నాకు బాగా నచ్చింది సోమవారం పేరు. కాలప్ అంటే బేకన్ ముక్కో, మాంసం ముక్కో. ఉత్తర ఇంగ్లండ్‌లో ఎక్కువగా వాడేవారు. నేను డెర్బీలో ఉంటాను. మా చర్చిలో ఒక పెద్దావిడ ఆ సోమవారం నన్ను భోజనానికి పిలిచి బేకన్, గుడ్లు వేయించి పెట్టారు. పెనంలో మిగిలిన కొవ్వును గిన్నెలోకి వంచి, "ఇది రేపటికమ్మా" అన్నారు. మంగళవారం పాన్‌కేకులు ఆ కొవ్వులోనే కాల్చేవారట. మధ్యయుగంలో లెంట్‌లో మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా ముట్టకూడదు. అందుకే ఇంట్లో ఉన్నవన్నీ ముందే ఖర్చుపెట్టేయాలి. ఎగ్ సాటర్డే పేరు కూడా అలా వచ్చిందే. కాలప్ మండే గురించి తెలియకపోతే పాన్‌కేకులు ఉత్త చిరుతిండిలా కనిపిస్తాయి.

కార్న్‌వాల్‌లో మాత్రం అదే సోమవారాన్ని పీజన్ మండే అనేవారు, బఠాణీ సూప్ తాగేవారు కాబట్టి. ఆ రాత్రికి నికనన్ నైట్ అని మరో పేరు. పిల్లలు తలుపులు బాది పారిపోయేవారు.

ఇక ష్రోవ్ అనే మాటకు మూలం పాపసంకీర్తనం. లెంట్‌కు ముందు గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందాలి. అందుకు పిలుస్తూ మంగళవారం గంట కొట్టేవారు. మతసంస్కరణ తర్వాత ఆ అలవాటు తగ్గింది కానీ గంట ఆగలేదు, జనం దాన్నే పాన్‌కేక్ బెల్ అన్నారు. తిండి పేరు మిగిలి ప్రార్థన పేరు మరుగున పడటం నాకు నిజంగా బాధ. ఓల్నీ ఊళ్లో మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. 1445 నుంచి ఉందని చెప్పుకునే పాన్‌కేక్ పరుగులో ఆడవాళ్లు పెనం పట్టుకుని 415 గజాలు పరుగెత్తుతారు, తర్వాత అందరూ చర్చిలో ఆరాధనకు వెళ్తారు.

మీరు ఇంగ్లండ్‌లోనే ఉంటే మాకు దగ్గర్లోని ఆష్‌బోర్న్‌కు రండి. అక్కడి ష్రోవ్‌టైడ్ ఫుట్‌బాల్ మంగళ, బుధవారాల్లో ఊరంతా ఆడతారు, గోల్స్ మధ్య దూరం 3 మైళ్లు. తేదీ ఏటా మారుతుంది. ఈస్టర్‌కు 47 రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంటే ష్రోవ్ ట్యూస్డే వస్తుంది.