ఓడలు బండ్లవుతాయా?

సందేహం: విక్రాంత్ యుద్ధనౌకకు మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఖర్చయిందని ఒక వ్యాసంలో చదివాను. చివర ‘ఓడలు బళ్లవుతాయంటే ఇదే’ అని రాశారు. ఖర్చు పెరిగితే ఈ సామెత వాడవచ్చా? అసలు ఓడ బండి ఎలా అవుతుంది? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: వాడకూడదు. ఖర్చు అంచనా దాటిపోతే ‘తడిసి మోపెడైంది’ అనాలి. 3,261 కోట్లతో మంజూరైన విక్రాంత్, 2022 సెప్టెంబరులో నౌకాదళంలో చేరేనాటికి సుమారు 20,000 కోట్లయింది. తడిసి మోపెడవడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? చేతిలో సరైన నుడి ఉండగా, తోచిన సామెతను తెచ్చి వ్యాసం చివర అతికించడం ఈమధ్య బాగా ఎక్కువైంది. సామెత వాడేముందు దాని పుట్టుక ఒక్కసారి చూసుకోవద్దా?

మీ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. ఈ మాటకు ఆధారం మనం చిన్నప్పుడు బట్టీ పట్టిన సుమతీ శతకమే:

ఓడల బండ్లును వచ్చును
ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్

ఇందులో ‘అవుతాయి’ అన్న మాటే లేదు. రెండుచోట్లా ఉన్నది ‘వచ్చును’. ఓడలలో బండ్లు వస్తాయి, ఆ ఓడలే బండ్లమీదా వస్తాయి. ‘నా బండ్లు’ అంటే నా సొంత బండ్లు అనుకునేవాళ్లను చూశాను. అక్కడున్నది ‘ఓడలున్ + ఆ బండ్లు’. ‘ఓడలున్’ చివరి నకారం (వ్యాకరణంలో దీన్ని ద్రుతం అంటారు) ‘ఆ’ను పట్టుకుని ‘నా’ అయింది, అంతే. కలిమిలేములూ ఇలాగే తారుమారవుతాయని మిగతా పద్యం. కవి ఓడను బండిగా మార్చలేదు. మోసేది ఏది, మోయబడేది ఏది అన్నదే మార్చాడు. ‘అవుతాయి’ అనగానే ఆ అందమంతా పోయింది. పెన్న ఇసుకలో బండి దిగి దాటడం చూసిన మన కడప జిల్లావాళ్లకు ఈ బొమ్మ ఇట్టే కళ్లకు కట్టాలి.

కవి చెప్పింది నేటికీ అక్షరాలా నిజం. ఇప్పుడు యుద్ధనౌకను ఒకేచోట అడుగునుంచి పైదాకా కట్టుకుంటూ పోరు. షెడ్లలో బ్లాకులు బ్లాకులుగా కట్టి, పైపులూ కేబుళ్లూ కొంతవరకు అక్కడే బిగించి, వరసగా చక్రాలున్న భారీ ట్రాలీల మీద డాక్ (ఓడను కట్టే గుంట) దగ్గరికి తెచ్చి, క్రేన్లతో ఎత్తి అతుకుతారు. ఓడలు బండ్లమీద ‘ఒప్పుగ’ రావడమంటే ఇదే! ఒప్పుగా రాకపోతే ఏమవుతుందో విక్రాంత్ విషయంలోనే చూశాం. దానికోసం వస్తున్న డీజిల్ జనరేటర్లు దారిలో రోడ్డు ప్రమాదానికి గురయ్యాయి. గేర్‌బాక్సులు ఆలస్యమయ్యాయి. అంతకుముందే రష్యా నుంచి రావలసిన ఉక్కు రాకపోతే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి ఇక్కడే ఆ ఉక్కును తయారుచేయాల్సి వచ్చింది. 2009లో కీల్ (ఓడ అడుగున వెన్నెముకలాంటి దూలం) వేసిన ఓడకు 2013లో జలప్రవేశం జరిగింది. ఆ తర్వాత నౌకాదళంలో చేరడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది, ఎందుకంటే జలప్రవేశం నాటికి సిద్ధమయ్యేది ముఖ్యంగా ఓడ డొల్ల (హల్) మాత్రమే. యంత్రాలు, రాడార్లు, ఆయుధాలు అమర్చి, సముద్రంలో పరీక్షించడం ఆ తర్వాతి పని. నౌకాదళంలో చేరిన రోజును కూడా పత్రికలు ‘జలప్రవేశం’ అనేస్తున్నాయి. అదీ తప్పే.

ఇక ‘ఓడ’ గురించి ఒక్క మాట. కన్నడంలో ‘ఓడ’, తమిళంలో ‘ఓడం’ దీని తోబుట్టువులు. ఓడిపోవడంతో దీన్ని ముడిపెట్టకండి.

‘ఓడలు బండ్లవుతాయి’ అనడం పూర్తిగా తప్పా అంటే, అలా తేల్చేయలేను. తరాలుగా జనం నోట నలిగిన మాట అది. రాజు పేదైనప్పుడు, పేద రాజైనప్పుడు అనుకోండి, అభ్యంతరం లేదు. నేను మాత్రం ‘ఓడలమీద బండ్లు, బండ్లమీద ఓడలు’ అనే రాస్తాను. మన సీమవాళ్లు ‘బళ్లు’ అనకుండా ‘బండ్లు’ అనే రాస్తే మరీ మంచిది. ‘బళ్లు’ అంటే పిల్లలు చదివే బడులు కూడా అవుతాయి.