డాలీ పోలిక ఎందుకు కుదరట్లేదంటే

'హలో, డాలీ!' సంగీత నాటకంలో డాలీగా మీరు ఓ మంగళవారం చూసిన డోనా మర్ఫీని అండర్‌స్టడీ (అసలు నటి రాలేనప్పుడు ఎక్కేవాళ్ళు) అనుకుని, అదే పాత్రలో మీ అక్క చూసిన అసలు నటి బెట్ మిడ్లర్‌తో పోలుస్తున్నారు. చిక్కంతా అక్కడే. 2017లో బ్రాడ్‌వేకి (న్యూయార్క్ నాటకరంగానికి) మళ్ళీ వచ్చిన ఆ నాటకంలో మర్ఫీ ఆల్టర్నేట్, అంటే కొన్ని ప్రదర్శనలు ముందే తనకి కేటాయించిన నటి. మంగళవారం రాత్రులు ముందే ప్రకటించి ఆవిడకిచ్చారు. అప్పటికే రెండు టోనీలు (బ్రాడ్‌వే నాటకాల అవార్డులు) గెలిచిన నటి!

1. చాలామంది వదిలేసేది ఇదే: మిడ్లర్ అడుగుపెట్టగానే మోగే చప్పట్లను లెక్కలోంచి తీసేయండి. అవి ఆవిడ పేరుకి, పాత్రకి కాదు. 2018 జులైలో తిరిగొచ్చినప్పుడైతే మరీనూ.

2. చనిపోయిన భర్తతో డాలీ మాట్లాడే చోట ఇద్దరూ గొంతు ఎంత తగ్గించారో, ఎక్కడ ఆగారో గుర్తుచేసుకుని రాసుకోండి. అసలు పోలిక అక్కడ తేలుతుంది.

3. ఈ నాటకం పాటల ఆల్బమ్‌తో పోల్చకండి. అందులో డాలీ గొంతు మిడ్లర్‌దే, అదీ రికార్డింగ్‌లో.