వల్కన్లకు ప్రేమ లేదా? మా నాన్నను చూసి మాట్లాడండి

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో వల్కన్లకు, అంటే భావాలు అణచుకుని తర్కంతో బతికే గ్రహాంతరవాసులకు, ఇంట్లోవాళ్ళ మీద ప్రేమే ఉండదా అని అడిగారు. ఉంటుందండీ, బోలెడంత. పైకి రానివ్వరు, అంతే. వాళ్ళను రోబోల్లా చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

1967లో వచ్చిన 'జర్నీ టు బేబెల్' ఎపిసోడ్ చూడండి. స్పాక్ అంతరిక్ష నౌకలో అధికారి, తండ్రి వల్కన్, తల్లి మనిషి. ఆ ఓడెక్కిన వల్కన్ రాయబారి సారెక్, ఆయన భార్య అమాండా తన అమ్మానాన్నలని కెప్టెన్‌కు కూడా ముందు చెప్పడు. సైన్స్ అకాడమీలో చేరమంటే స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష నౌకాదళంలో చేరాడని తండ్రి 18 ఏళ్ళుగా కొడుకులా పలకరించలేదు మరి.

మా ఇంట్లో నాలుగేళ్ళే లెండి. గ్రూప్స్ రాయమంటే నేను యానిమేషన్‌లో చేరాను. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, నాన్న వంటింటి వైపు తిరిగి "కరెంటు బిల్లు కట్టమను వాణ్ణి" అనేవాడు. అమ్మ పోపు మాడ్చుకుంటూ వచ్చి అదే ముక్క నాకు చెప్పేది. సారెక్ గుండెజబ్బు సంగతి భార్య దగ్గర దాచినట్టే నాన్న బీపీ మాత్రలు షేవింగ్ డబ్బాలో దాచాడు. ఒకరోజు అమ్మకు దొరికాయి. ఆయన్ని ఒక్క మాట అనలేదు, నాకు ఫోన్ చేసి ఏడ్చింది. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి గుమ్మంలో దిగాను. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా "సీటు కిటికీ పక్కనే దొరికిందా?" అన్నాడు. నాలుగేళ్ళలో నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

అసలు నేను చెప్పేదేమిటంటే, ఈ మగాళ్ళ నిగ్రహం ఖర్చంతా ఆడవాళ్ళ ఖాతాలో పడుతుంది. తండ్రి ఆపరేషన్‌కు స్పాక్ రక్తం కావాలి, కెప్టెన్ కత్తిపోటుతో పడి ఉన్నాడు కాబట్టి డ్యూటీ వదలనంటాడు ఈ మహానుభావుడు, అమాండా చెంప పగలగొడుతుంది. మొత్తం సిరీస్‌లో నాకు నచ్చిన దెబ్బ అదే.

తర్వాత స్టార్ ట్రెక్ కథలు రాసినవాళ్ళు ఊరుకున్నారా? స్పాక్‌కు 1989 సినిమాలో ఒక సవతి అన్నను, 2017 సిరీస్‌లో ఒక పెంపుడు అక్కను తగిలించారు. స్పాక్ ఇంటి సంగతులు ఎవరికీ చెప్పడు కదా అని రాసేవాళ్ళకు అలుసు.

ఆ ఎపిసోడ్ అమ్మకు చూపించాను, పక్కన కూర్చుని అర్థం చెబుతూ. చెంపదెబ్బ దగ్గర "బాగా అయింది" అంది. కాసేపాగి, నాన్న కుర్చీ వైపు చూస్తూ "వాళ్ళాయనకీ ఒకటి తగిలించాల్సింది" అంది.