మోర్స్ కీ పట్టుకుని కొండెక్కే ముందు

చి. లావణ్యకు మావయ్య దీవెనలు.

హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు కోసం చుక్కలూ గీతల మోర్స్ సంకేతాల పరీక్షలో నిమిషానికి 8 పదాల వేగం గట్టెక్కి జనరల్ గ్రేడ్ తెచ్చుకున్నావు, చాలా సంతోషం. ఇప్పుడు వంద దేశాలతో మాట్లాడితే ఇచ్చే అవార్డు మొదలుపెట్టనా, కాంటెస్టుల్లో దిగనా అని అడిగావు. దిగు, కాదనను. కానీ బాల్కనీలో యాంటెన్నా తీగ కట్టుకున్నదానివి. టవర్లు వేసుకున్నవాళ్ళ పట్టికలో నీ పేరు ఎన్నో స్థానంలో ఉందో చూసుకుంటూ కూర్చుంటే ఆర్నెల్లు తిరక్కుండానే విసుగొస్తుంది. పందెం నీకు నువ్వే పెట్టుకో, నియమాలూ నువ్వే రాసుకో.

నన్నడిగితే మొదటి పందెం పెన్ను కింద పెట్టి, రాసుకోకుండా వినడం. 8 పదాలంటే నిమిషానికి 40 అక్షరాలు. ఆ వేగంలో చుక్కా గీతా లెక్కపెట్టుకుంటూ నెట్టుకురావచ్చు, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. సాధనలో అక్షరాన్ని 20 పదాల వేగంతోనే విను, మధ్య ఖాళీ మాత్రం బాగా పెంచు. అప్పుడు లెక్కపెట్టే వ్యవధి దొరకదు. సీ అంటే 'డా డి డా డిట్' అని ఒక్క ముక్కగా చెవిన పడుతుంది. పద్యం నోటికొచ్చినవాడు అక్షరాలు కూడబలుక్కోడు కదా, ఇదీ అంతే. ఒక అక్షరం జారిపోతే పోనీ, దాని కోసం ఆగావంటే వెనకాల వచ్చే మూడూ పోతాయి. అవతలివాళ్ళ పేరు, ఊరు, సిగ్నల్ రిపోర్టు కాగితం లేకుండా పట్టుకోగలిగిన రోజు నాకు కబురు చెయ్. కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) మాత్రం రాసుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

రెండోది 5 వాట్ల పవరుతో సరిపెట్టుకోవడం. 100 వాట్ల నుంచి 5కి దిగితే అవతలి మీటరు మీద తగ్గేది రెండు ఎస్-యూనిట్ల (సిగ్నల్ బలాన్ని కొలిచే మెట్ల) కంటే కాస్త ఎక్కువ, అంతే. గొంతుతో మాట్లాడే సిగ్నల్‌కి రెండు వేల హెర్ట్జ్ పైన వెడల్పు కావాలి. మోర్స్ సిగ్నల్‌కి ఐదొందల హెర్ట్జ్ ఫిల్టరు పెట్టుకున్నా చోటు మిగులుతుంది. ఉన్న కాస్త పవరూ ఒక్కచోటే పడుతుంది కాబట్టే చిన్న సెట్టుతో సముద్రాలు దాటుతాం. వాట్లు కొనడం తేలిక, చెవి కొనలేం.

ఇక నీ హార్స్‌లీ హిల్స్ ప్రయాణం సంగతి. సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ అని, కొండ శిఖరాల మీద నుంచి రేడియోలో మాట్లాడి పాయింట్లు తెచ్చుకునే పద్ధతి ఒకటుంది, 2002లో బ్రిటన్‌లో మొదలైంది. పాయింట్లు రావాలంటే శిఖరం నుంచి కనీసం నాలుగు వేరువేరు స్టేషన్లతో మాట్లాడాలి. చివరి దారిలో సామాను నీ భుజం మీదే ఎక్కాలి, బండి బ్యాటరీ వాడకూడదు. మన కొండ వాళ్ళ జాబితాలో ఉందో లేదో చూసుకో. లేకపోయినా ఆ నాలుగు అనే లెక్క నువ్వు వాడుకో, మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు. కారు దిగి కనీసం అరగంట నడిచాకే సెట్టు తియ్యి.

యాంటెన్నాకి 20 మీటర్ల తీగ, చివర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది చాలు. 40, 20 మీటర్ల బ్యాండ్లు (తరంగం పొడవుతో పిలిచే రేడియో భాగాలు) రెండూ దానితోనే నడుస్తాయి. చిన్న నీళ్ళ సీసాలో సగం నీళ్ళు పోసి, మూతి దగ్గర నైలాన్ దారం గట్టిగా కట్టి, చెయ్యి కిందినుంచి ఊపి కొమ్మ మీదుగా విసురు. దారం ముందే నేల మీద వదులుగా పరుచుకో, చుట్టగా ఉంటే గాల్లోనే చిక్కుపడి సీసా నీ వైపే వస్తుంది. కింద ఎవరూ లేరని చూసుకో. కరెంటు తీగల ఛాయలకే పోవద్దు. ఉరుము వినపడితే తీగ దింపేసి కిందికి వచ్చేయ్, లాగ్‌లో (సంభాషణలు రాసుకునే పుస్తకంలో) మూడే ఉన్నా సరే.

అడవిశాఖ చోట్లలో అడిగే కట్టు. లైసెన్సులో చిరునామా బయట పనిచేయడానికి ఏం షరతులున్నాయో బయల్దేరే ముందే చదువుకో, నకలు దగ్గరుంచుకో. జనం ఎలాగూ మూగుతారు. "టవర్ సిగ్నల్ చూస్తున్నారా మేడమ్?" అంటారు. ఒక హెడ్‌ఫోన్ వాళ్ళ చెవికి పెట్టేయ్, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

సాయంత్రం పూట 20 మీటర్లలో సాధారణంగా యూరప్ వైపు దారి తెరుచుకుంటుంది. సీక్యూ, అంటే 'ఎవరైనా పలకండి' అని పిలిచే ముందు కాసేపు విను, 'క్యూఆర్ఎల్?' (ఇక్కడ ఎవరైనా మాట్లాడుతున్నారా?) అని అడుగు. నువ్వు ఎంత వేగంతో వినగలవో అంతే వేగంతో పిలువు. జోరుగా పిలిస్తే జవాబూ జోరుగానే వస్తుంది, అప్పుడు టెన్షన్ పడి లాభం లేదు. అయినా ఎవరైనా దంచేస్తే మొహమాటపడకుండా 'క్యూఆర్ఎస్' (వేగం తగ్గించండి) కొట్టు, మంచి ఆపరేటర్ తగ్గిస్తాడు. తగ్గించనివాడి గురించి మనకెందుకు. లాగ్‌లో టైము యూటీసీలోనే (ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయంలోనే) రాయి. మన పొద్దున్న ఐదున్నరకు ముందు చేసినవి అక్కడ నిన్నటి తేదీ కిందికి వస్తాయి, ఇది మరిచిపోతే అవతలివాళ్ళ రికార్డుతో కలవదు.

ఇదంతా సరదాకే అని మీ అమ్మ అంటే అననీ. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌కి వెళ్ళింది కూడా అరుదైన చోటు నుంచి పలకాలన్న సరదాతోనే. హైదరాబాద్‌లోని మన అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్ళారు. 26న సునామీ వచ్చి ఫోన్లు పోతే, ఆ సెట్లే కబుర్లు చేరవేశాయి.

పెద్ద ప్రయాణాల మాట తర్వాత చూద్దాం. విమానం ఎక్కితే లిథియం బ్యాటరీ చేతి సంచిలోనే పెట్టు, 100 వాట్-అవర్లు దాటనివ్వకు. 12.8 వోల్టుల 6 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 77 దగ్గర ఆగుతుంది, కొనేటప్పుడు అదే తీసుకో.

శనివారం నాలుగింటి నుంచి నేను 7.030 మెగాహెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూ వింటూ ఉంటాను. కాకినాడకి 40 మీటర్లలో ఆ వేళకి అందుతావు. నీ నాలుగు స్టేషన్లలో నన్ను లెక్కేసుకోకు, ఐదోవాణ్ణి. అక్కడ సెల్ సిగ్నల్ దొరికినా ఫోన్ చెయ్యకు.

73 (మన హామ్‌ల శుభాకాంక్షలు),
మావయ్య