‘పేల్’ అంటే పాలిపోవడమేనా?

ప్రశ్న: హద్దు మీరిన ప్రవర్తనను ఆంగ్లంలో ‘బియాండ్ ద పేల్’ అంటారు. పాలిపోయిన రంగును చెప్పే ‘పేల్’కూ దీనికీ సంబంధం ఉందా? ఈ నుడికారం ఐర్లండులో పుట్టిందన్న మాట నిజమేనా?

జవాబు: రంగుతో దీనికి ఏ సంబంధమూ లేదు. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే అయినా, రంగును చెప్పే మాటకు మూలం ‘పాలిడుస్’. మీరడిగిన మాటకు మూలం ‘పాలుస్’, అంటే నేలలో పాతే గుంజ. ఇది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఆంగ్లంలో చేరింది. మొదట ఒక్క గుంజకు పేరైన మాట క్రమంగా గుంజలు వరసగా పాతి కట్టిన కంచెకూ, ఆ కంచె లోపలి నేలకూ, చివరికి ఒక రాజు అధికారం చెల్లే ప్రాంతానికీ పేరయింది. కర్రను చెప్పే ‘పోల్’ కూడా ‘పాలుస్’ సంతానమే. కాకపోతే అది అంతకు చాలా ముందే, పాత ఆంగ్ల కాలంలోనే వచ్చి చేరింది. మనిషిని కొరత వేయడమనే అర్థంలో ఇప్పుడు వాడే ‘ఇంపేల్’ అనే క్రియకు ఆంగ్లంలో తొలి అర్థం చుట్టూ గుంజలు పాతి కంచె వేయడమేనంటే నమ్మడం కష్టం.

ఇక ఐర్లండు సంగతి. 1347 నుంచి 1558 దాకా ఇంగ్లండు చేతిలో ఉన్న ఫ్రాన్సులోని కలే ప్రాంతాన్నీ, ఐర్లండులో డబ్లిన్ చుట్టూ ఇంగ్లిషు పాలన నికరంగా సాగిన ప్రాంతాన్నీ ‘పేల్’ అనేవారు. డబ్లిన్ పేల్ సరిహద్దున ఆరడుగుల ఎత్తున జంట కట్టలు పోయాలని ఐర్లండులోని ద్రోగెడా పట్టణంలో 1494లో సమావేశాలు మొదలుపెట్టిన అక్కడి పార్లమెంటు శాసించింది. అంటే పేరుకే గుంజలు గానీ, అక్కడ లేపమన్నది మట్టికట్ట.

ఆ కట్టను దాటినవాడు అనాగరికుడన్న భావం నుంచే నుడికారం పుట్టిందనే కథ వినడానికి బాగానే ఉంటుంది. అయితే తొలినాటి ప్రయోగాలు దాన్ని బలపరచడం లేదనీ, అది తరువాత అల్లుకున్న వివరణ కావచ్చుననీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అంటోంది. నాకూ అదే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ‘పేల్’కు హద్దు అనే సాధారణార్థం ఉన్నప్పుడు నుడికారానికి ప్రత్యేకంగా ఒక ఊరి కంచె అక్కరలేదు. రష్యా సామ్రాజ్యంలో 1791 నుంచి 1917 దాకా యూదుల నివాసాన్ని పరిమితం చేసిన ప్రాంతాన్ని ఆంగ్లంలో ‘పేల్ ఆఫ్ సెటిల్‌మెంట్’ అనడమే చూడండి: దాని రష్యన్ పేరులోని ‘చెర్తా’కు అర్థం గీత మాత్రమే.