బ్రూవరీకి మొదటిసారి వెళ్తున్నా, మన కారానికి ఏ బీరు పడుతుంది?

మీది మహబూబ్‌నగర్. ఇన్నాళ్లూ వైన్స్‌లో దొరికే లైట్, స్ట్రాంగ్ తప్ప ఏమీ తాగలేదు. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో హైదరాబాద్‌లో బ్రూవరీకి, అంటే బీరు అక్కడే తయారుచేసి పోసే చోటికి, వెళ్తున్నారు. మెనూలో పేర్లు చూసి టెన్షన్ పడకుండా ఏది చెప్పాలి, దేంతో ఏం తినాలి, నాటుకోడి పులుసుకు ఏది బాగుంటుంది అని అడిగారు. నాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఇదే అవస్థ నేనూ పడ్డాను.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మెనూలో 'ఇండియా పేల్ ఏల్' కనబడింది. పేరులోనే ఇండియా ఉంది, మన తిండికి పడుతుందిలే అనుకుని, దాంతో పచ్చిమిర్చి దట్టించిన చికెన్ ఫ్రై చెప్పాను. రెండో గుక్కకే నోరు భగ్గుమంది. కారం ఎక్కువేశారని వెయిటర్‌తో గొడవ కూడా పెట్టుకున్నా. తప్పు చికెన్‌ది కాదు. ఆ బీరులో హాప్స్ అనే పువ్వు ఎక్కువ వేస్తారు, చేదంతా దానిదే. చేదు, ఆల్కహాల్ రెండూ కారాన్ని ఎగదోస్తాయి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో తయారుచేసి, ఇక్కడున్న తెల్లవాళ్ల కోసం ఓడల్లో పంపేవాళ్లు కాబట్టి ఆ పేరు. మన మిరపకాయతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

పర్మిట్ రూములో మనం చేసేదీ ఇదే తప్పు. స్ట్రాంగ్‌లో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. స్టఫ్ ఏమో కళ్లలో నీళ్లు తిరిగేంత కారం. ఆ మంటకు ఇంకో గుక్క, గుక్కతో ఇంకా మంట.

కాబట్టి మొదటి గ్లాసు గోధుమ బీరు చెప్పండి. మెనూలో 'హెఫెవైజెన్' అనో 'విట్' అనో ఉంటుంది. మొదటిది జర్మన్ల పద్ధతి. అరటిపండు, లవంగం వాసన వస్తుంది కానీ అవేవీ వేయరు, ఆ వాసన బీరును పులియబెట్టే ఈస్ట్ నుంచే పుడుతుంది. రెండోది బెల్జియం వాళ్లది, అందులో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. రెండూ మసకగా ఉంటాయి, చేదు తక్కువ. నాకైతే పొద్దున్నే దించిన ఈత కల్లు గుర్తొచ్చింది.

ఆ మాటకొస్తే, దేంతో ఏం తినాలో మనకు కల్లు ఎప్పుడో నేర్పింది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, తీపి కరిగి మత్తు పెరుగుతుంది. మా తాత పొద్దున కల్లుకు ఎండుచేపలు కాల్చుకునేవాడు. పొద్దెక్కాక మాత్రం బొబ్బర్ల గుడాలే, అవీ ఉప్పేసి ఉడకబెట్టినవి. తీపి ఉంటే కారం ఆగుతుంది, పులుపూ మత్తూ పెరిగితే సాదా తిండి కావాలి. బీరుకూ ఇదే లెక్క.

మిగతావి తొందరగా చెప్తా. మనం తాగే సీసా బీర్లు, లైటైనా స్ట్రాంగైనా, లాగర్లే. చల్లగా, నెమ్మదిగా, దాదాపు 7 నుంచి 13 డిగ్రీల మధ్య పులియబెడతారు. ఏల్ అంటే 15 నుంచి 24 డిగ్రీల్లో, ఇంకా తొందరగా పులిసేది. లాగర్లలో పిల్సనర్ తాగి చూడాల్సిందే. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో పుట్టింది. దాని గ్యాసు బుడగలు నోట్లో నూనె జిడ్డును కడిగేస్తాయి కాబట్టి చేపల వేపుడుకు భలే ఉంటుంది. జూరాల చేప దొరికితే ఇక చెప్పక్కర్లేదు. చేపల పులుసుకు మాత్రం వద్దు.

స్టౌట్ అనే ఏల్ నల్లగా ఉంటుందని భయపడకండి, రంగుకూ మత్తుకూ సంబంధం లేదు. ఐర్లండ్ వాళ్ల స్టౌట్ గిన్నెస్ డ్రాఫ్ట్ నలుపే, అయినా దాని ఆల్కహాల్ 4.2 శాతమే. మాడేదాకా వేయించిన బార్లీ వల్ల కాఫీ రుచి వస్తుంది. నిప్పుల మీద కాల్చిన మటన్, మిరియాలతో మేక కార్జం వేపుడు దానికి జోడీ. డబుల్ కా మీఠాతో కూడా తాగి చూశాను. ఫ్రెండ్స్ నవ్వారు, తర్వాత నా ప్లేటే ఖాళీ చేశారు.

చాలాచోట్ల నాలుగైదు రకాలు విడివిడి చిన్న గ్లాసుల్లో ఒకేసారి ఇస్తారు, అది అడగండి. గోధుమ బీరుతో మొదలుపెట్టి, చేదుది చివర్లో తాగండి. ముందే చేదు తాగితే మిగతావన్నీ నీళ్లలా అనిపిస్తాయి. బండి మీద మాత్రం వెళ్లకండి. మీలో 21 ఏళ్లు నిండనివాళ్లు ఉంటే వాళ్లకు ఎలాగూ ఇవ్వరు.

ఇంటికి సీసాలు తెచ్చుకుంటే ఎండ తగలనివ్వకండి, ముఖ్యంగా పచ్చ సీసాలకు. వెలుతురు పడితే హాప్స్ చెడిపోయి కంపు కొడుతుంది. నేనోసారి బీరు పెట్టె మేడ మీద ఎండలో వదిలేసి, దావత్‌లో అందరి ముందూ పరువు పోగొట్టుకున్నా.

ఇక నాటుకోడి పులుసు, గారెల సంగతి. మూడు నాలుగు రకాలతో తిని చూశా, ఏదీ కుదరలేదు. గ్లాసు పక్కన పెట్టి తినండి.